ఒకే ఎస్టేటు రెండో రెడ్ వైన్‌ను సంవత్సరాల వరుసలో రుచి చూడటం ఎలా? షాటో పామర్ వారి 'ఆల్టర్ ఈగో' ఉదాహరణగా

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైన్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకులు దాదాపు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఒకే ఎస్టేటు తయారు చేసిన వైన్‌ను ఐదారు సంవత్సరాలవి పక్కపక్కన పెట్టుకుని రుచి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరుసలో పోయాలి, తీరా తేడా కనిపించాక అది నిజంగా ఆ సంవత్సరపు తేడాయేనని ఎలా తేల్చుకోవాలి అన్నదే ఆ ప్రశ్న. ఈ పనికి ఎస్టేటు ప్రధాన వైన్ కంటే రెండో వైనే అనువైనదని నా అభిప్రాయం. దాని ధర చాలా తక్కువగా ఉంటుంది. ప్రధాన వైన్ పదిహేను, ఇరవై ఏళ్లు దాస్తే గానీ నోరు విప్పనప్పుడు ఇది ఐదారేళ్లకే తాగడానికి సిద్ధమవుతుంది. కొత్త ఓక్ పీపాల ప్రభావం తక్కువగా ఉండటం వల్ల ఆ ఏటి ఎండావానల ముద్ర కాస్త తేటగా బయటపడుతుంది.

రెండో వైన్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. బోర్డో ఎస్టేట్లు పంటనంతా ఒకే సీసాలో నింపవు. తోటలోని ఒక్కో మడి నుంచి వచ్చిన వైన్‌ను విడిగా పులియబెట్టి, రుచి చూసి, ఎంపిక చేసిన వాటిని ప్రధాన వైన్‌లో కలిపి, మిగిలిన వాటితో మరో పేరున రెండో వైన్ చేస్తాయి. ఇక్కడ ఉదాహరణగా తీసుకున్న షాటో పామర్ బోర్డోలోని మార్గో ప్రాంతంలో ఉంది. పేరున్న బోర్డో ఎస్టేట్లను ఐదు శ్రేణులుగా విడదీసిన 1855 నాటి వర్గీకరణలో దానికి మూడో శ్రేణి దక్కింది. బ్రిటిష్ సైన్యాధికారి చార్లెస్ పామర్ 1814లో కొన్నందున ఆ పేరు నిలిచిపోయింది. 1998 పంటతో మొదలైన ఆల్టర్ ఈగో, అంతకుముందున్న 'రిజర్వ్ ద్యు జెనెరాల్' అనే రెండో వైన్ స్థానంలోకి వచ్చింది. ఇది తక్కువ రకం వైన్ కాదనీ, అదే తోటకు మరో ముఖమనీ ఎస్టేటు వారు పట్టుబట్టి చెబుతారు. ఆ మాటలో వ్యాపారం పాలు ఎంతో, నిజం పాలు ఎంతో మీ గ్లాసే చెబుతుంది.

ఏమేం కావాలి

- ఒకే వైన్, ఆరు వేర్వేరు పంట సంవత్సరాలవి, ఒక్కొక్కటి 750 మిల్లీలీటర్ల సీసా. ఇక్కడ 2014, 2015, 2016, 2017, 2019, 2020 తీసుకుంటున్నాం. 2018 ఎందుకు లేదో మొదటి మెట్టులో చెబుతాను.
- మనిషికి నాలుగు చొప్పున ఒకే ఆకారంలో ఉన్న గ్లాసులు. ఖరీదైనవి అక్కర్లేదు, అన్నీ ఒకేలా ఉంటే చాలు.
- వంటకు వాడే సూది థర్మామీటరు ఒకటి.
- మామూలు కార్క్ స్క్రూ, సన్నని జల్లెడ, శుభ్రమైన గాజు జగ్గు.
- సీసాలు చుట్టడానికి మందపాటి కాగితం, గ్లాసులకు అంటించే చిన్న చీటీలు, బల్ల మీద పరచడానికి తెల్ల కాగితాలు.
- ఉమ్మడానికి మనిషికో లోతైన కప్పు, తాగునీళ్లు, ఉప్పూ వెన్నా లేని సాదా బ్రెడ్డు.
- కలం, కాగితం. ఫోన్‌లో రాసుకుంటే ఎవరో ఒకరు మధ్యలో వాతావరణ నివేదిక వెతకడం మొదలుపెడతారు.

ఎనిమిది మంది వరకు ఇది సరిపోతుంది. నలుగురైతే ఇంకా మంచిది, సగం వైన్ మర్నాటి పరీక్షకు మిగులుతుంది.

1. సంవత్సరాలను ఎంచుకోండి

ఆరు కంటే ఎక్కువ పెట్టుకోవద్దు. ఎనిమిదో గ్లాసు దగ్గరకు వచ్చేసరికి నాలుక మొద్దుబారి, రాసేదంతా ఊహే అవుతుంది. వీలైనంత వరకు వరుస సంవత్సరాలే తీసుకోండి, ఎందుకంటే పేరున్న సంవత్సరాలను మాత్రమే ఏరుకుంటే మంచి వైన్లు మంచిగా ఉన్నాయని తెలుసుకోవడం తప్ప ఇంకేమీ మిగలదు. మంచి ఏడాది పక్కన ఇబ్బంది పడిన ఏడాది ఉన్నప్పుడే ఎస్టేటు పనితనం బయటపడుతుంది.

ఇక 2018 సంగతి. ఆ ఏడాది జూలై మొదటి వారాల దాకా ఎడతెగని తడి వల్ల బోర్డో తోటలను బూజు తెగులు కమ్మేసింది. 2014 నుంచి తోట మొత్తాన్నీ బయోడైనమిక్ అనే ఒక తరహా సేంద్రియ పద్ధతిలో సాగు చేస్తున్న పామర్‌కు రసాయన మందులు వాడే దారి లేకపోయింది. ఫలితంగా హెక్టారుకు 11 హెక్టోలీటర్ల (1,100 లీటర్ల) దిగుబడి మాత్రమే దక్కింది, ఆ కాస్తా ప్రధాన వైన్‌కే పోయింది, ఆల్టర్ ఈగో తయారే కాలేదు. కాబట్టి ఎవరైనా మీకు 2018 ఆల్టర్ ఈగో అమ్మజూపితే జాబితాలో అచ్చుతప్పు అయినా అయి ఉండాలి, లేదా ఆ సరుకును అసలు ముట్టుకోకూడదు.

మరో ఎస్టేటును ఎంచుకునేవారు పేర్ల మార్పుల విషయంలో జాగ్రత్తపడాలి. షాటో ఓ-బ్రియోఁ రెండో వైన్ 2006 వరకు 'బాహాన్ ఓ-బ్రియోఁ', 2007 పంట నుంచి 'ల క్లారెన్స్ ద ఓ-బ్రియోఁ'. లించ్-బాజ్ వారి 'ఓ-బాజ్ అవెరూ' 2008 పంటతో 'ఎకో ద లించ్-బాజ్' అయింది. ఈ రెండు చోట్లా పేరు మారినా వైన్ వరుస తెగలేదు. లెయోవిల్ లాస్ కాజ్ విషయం అలా కాదు. ఒకప్పుడు దాని రెండో వైన్‌గా చలామణీ అయిన 'క్లో ద్యు మార్కి' ఇప్పుడు విడి వైన్. 2007 పంట నుంచి రెండో వైన్ పేరు 'ల పెతి లియోఁ'. ఇవి తెలియకుండా కొంటే పోల్చకూడని రెండింటిని పక్కపక్కన పెట్టిన వారవుతారు. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే సాఁ-జులియెన్‌లోని షాటో లగ్రాంజ్ వారి 'లే ఫియెఫ్ ద లగ్రాంజ్' చూడండి, అదే పద్ధతి దానికీ పనికొస్తుంది.

2. సీసాల పూర్వాపరాలు తెలుసుకోండి

ఈ మెట్టును తేలిగ్గా తీసుకునేవారే ఎక్కువ, చివర్లో తప్పుడు నిర్ణయాలకు వచ్చేవారిలో కూడా వారే ఎక్కువ. ఒక సీసా ఎస్టేటు గోదాము నుంచి నేరుగా వచ్చి, మరొకటి మూడు దేశాలు తిరిగి, ఇంకొకటి ఎవరి వంటింటి అలమరలోనో నాలుగు వేసవులు గడిపి ఉంటే, మీరు పోల్చేది పంట సంవత్సరాలను కాదు, అలమరలను. సాధ్యమైనంత వరకు ఆరు సీసాలనూ ఒకే దుకాణం నుంచి, అదీ వైన్‌ను 12 నుంచి 15 డిగ్రీల మధ్య నిల్వ చేసే దుకాణం నుంచి కొనండి.

కొనే ముందు ప్రతి సీసానూ వెలుతురులో పట్టి చూడండి. కార్క్ పైకి పొడుచుకు వచ్చి రేకు ఉబ్బినట్టు ఉందా, మెడ వెంట జిగురుగా ఎండిన చార ఉందా, వైన్ మట్టం మెడ దిగువకు, భుజం దాకా జారిందా? ఐదు నుంచి పదేళ్ల వయసున్న వైన్‌లో ఈ మూడింటిలో ఏది కనిపించినా వేడి తగిలిందనో, కార్క్ సరిగా లేదనో అనుమానించాల్సిందే. మట్టం విషయంలో చిన్న చిట్కా ఉంది. ఆరు సీసాలనూ పక్కపక్కన నిలబెట్టి మట్టాలు పోల్చండి. ఒక్కటే తేడాగా ఉంటే అది మీ కంటికే దొరికిపోతుంది.

విదేశాల నుంచి ఇండియాకు తెచ్చుకునేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ప్రయాణికుడికి సుంకం లేకుండా అనుమతించే పరిమితి 2 లీటర్లు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండే. మూడోది పెడితే 2.25 లీటర్లవుతుంది. కుటుంబంలో ముగ్గురు పెద్దవాళ్లు కలిసి వస్తున్నప్పుడు తలా రెండు తెచ్చుకోవడం తేలికైన మార్గం. విమానంలో కుదుపులకు లోనైన సీసాలను చల్లని చోట కనీసం రెండు వారాలు కదల్చకుండా ఉంచండి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో రెండు వారాలంటే ఆ వైన్ ఉడికిపోయినట్టే. వైన్ ఫ్రిజ్ లేనివారు మామూలు ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టడమే మేలు. నెలల తరబడి అయితే కార్క్ ఎండిపోతుంది గానీ రెండు వారాలకు భయం లేదు.

3. గదిని ముందురోజే సిద్ధం చేయండి

సీసాలను ఇరవై నాలుగు గంటల ముందే నిలువుగా పెట్టండి, మడ్డి అడుగుకు దిగుతుంది. గదిలో అగరుబత్తి, ధూపం, రూమ్ స్ప్రే వద్దు. పక్క వంటింట్లో ఇంగువ తాలింపు పడితే ఆ సాయంత్రానికి వైన్ వాసనల మీద ఆశ వదులుకోవాలి, అందుకే వంట మధ్యాహ్నానికే ముగించి కిటికీలు తెరిచి ఉంచండి. వచ్చే అతిథులకు సెంటు పూసుకోవద్దని మొహమాటం లేకుండా ముందే చెప్పండి. మల్లెపూల గురించి చెప్పడం కష్టమే అయినా చెప్పక తప్పదు. మార్గో వైన్లకు పేరు తెచ్చిన వయొలెట్ పూల వాసన చాలా సన్ననిది, గదిలో మూర మల్లెలుంటే అది ఎవరి ముక్కుకూ అందదు. వక్కపొడి, పాన్, కాఫీ, ఊరగాయ రుచి చూడటానికి రెండు గంటల ముందు నుంచీ ఆపేయండి.

గ్లాసులను వాసన చూడండి. అలమరలో బోర్లించిన గ్లాసులకు చెక్క వాసన, సరిగా తొలవని వాటికి సబ్బు వాసన ఉంటుంది. వేడినీళ్లతో మాత్రమే కడిగి, గాలికి ఆరనిచ్చి, మళ్లీ వాసన చూడండి.

4. అన్ని సీసాలనూ ఒకే ఉష్ణోగ్రతకు తీసుకురండి

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట ఐరోపాలోని చల్లని గదుల గురించి పుట్టింది. మన గదుల్లో ముప్పై డిగ్రీల దగ్గర పోస్తే ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొట్టి, ఆరు వైన్లూ ఒకేలా అనిపిస్తాయి. పోసేటప్పుడు 16, 17 డిగ్రీలు ఉంటే గ్లాసులో 18కి చేరుతుంది, అదే సరైన స్థాయి.

దీన్ని ఊహించి కాకుండా కొలిచి చేయండి. ఖాళీ వైన్ సీసా ఒకటి తీసుకుని నీళ్లు నింపి, ఆరు సీసాలతో పాటు అదే అరలో, అదే సమయానికి పెట్టండి. అరగంటకోసారి ఆ నీళ్లలో థర్మామీటరు ముంచి చూస్తే, ఏ వైన్ కార్కూ తీయకుండానే లోపలి ఉష్ణోగ్రత తెలిసిపోతుంది. ఎక్కువ చల్లబడితే కంగారుపడి వేడి నీళ్లలో ముంచకండి, బల్ల మీద కాసేపు వదిలేస్తే సరిపోతుంది. చల్లదనం ఎక్కువైన వైన్‌లో వగరు గట్టిగా, పండు వాసన మూగగా అనిపిస్తాయి, కాబట్టి ఒక్క సీసా మూడు డిగ్రీలు తక్కువగా ఉన్నా దాని సంవత్సరం మీద అపవాదు పడుతుంది.

5. తెరిచి, లోపాలు పట్టుకోండి

రుచి చూడటానికి గంట ముందు అన్నింటినీ తెరవండి. ప్రతి సీసా నుంచి ఒక చెంచాడు పోసుకుని ఒకే ఒక ప్రశ్న వేసుకోండి: ఇది చెడిపోయిందా? నచ్చిందా లేదా అన్నది ఇప్పుడు వద్దు.

తడిసిన అట్టపెట్టె వాసన, దానితో పాటు పండు వాసన పూర్తిగా మాయమవడం కార్క్ దోషానికి గుర్తు. గాలి తగిలేకొద్దీ అది పెరుగుతుందే తప్ప తగ్గదు. గోధుమరంగుకు తిరిగి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన వస్తే గాలి సోకింది. గోళ్ల రంగు వాసన ఘాటుగా వస్తే వినిగర్ తరహా ఆమ్లం హద్దు దాటింది. పండ్లను ఉడికించి జామ్ చేసినట్టు ఉండి తాజాదనం లేకపోతే వేడి తగిలింది. గుర్రపు శాల వాసన బ్రెటనోమైసెస్ అనే ఈస్టు వల్ల వస్తుంది. కొద్దిగా ఉంటే ఇష్టపడేవారున్నారు గానీ, దాన్ని మాత్రం పంట సంవత్సరం ఖాతాలో రాయకూడదు. చెడిన సీసాను నిర్దాక్షిణ్యంగా పక్కన పెట్టి ఐదింటితోనే ముందుకు సాగండి. దాన్ని కూడా బల్ల మీదికి తెచ్చి "ఈ ఏడాది అంత బాగా రాలేదు" అనుకోవడం కంటే ఐదు నమ్మకమైన గ్లాసులు మేలు.

తర్వాత ఒక్కో వైన్‌ను జల్లెడ మీదుగా మెల్లగా జగ్గులోకి వంచండి. చివరి రెండు వేళ్ల మందం వైన్‌ను మడ్డితో సహా వదిలేసి, సీసాను మంచినీళ్లతో తొలిచి, నీటిబొట్టు లేకుండా బోర్లించి ఆరనిచ్చి, వైన్‌ను తిరిగి అదే సీసాలో పోయండి. ఒక వైన్‌కు చేసింది అన్నింటికీ చేయాలి. కార్క్ తీసి అలా ఉంచేస్తే గాలి పీల్చుకుంటుందన్నది భ్రమ, సీసా మెడలో గాలి తగిలేది రూపాయి బిళ్లంత చోటే. ఈ జగ్గు పద్ధతి పదేళ్లు అటూఇటూ వయసున్న వైన్లకే వర్తిస్తుంది. ఇరవై ఏళ్లు దాటిన సీసాలు మీ వరుసలో ఉంటే వాటిని పోసే క్షణంలోనే తెరవండి, లేకపోతే ఉన్న కాస్త సువాసనా గాలిలో కలిసిపోతుంది.

6. గుర్తులు వేసి, చుట్టి, పోయండి

పాతవి ముందా, కొత్తవి ముందా అన్నదానిపై వాదన ఎప్పటికీ తెగదు. కొత్తవాటితో మొదలుపెడితే రుచి లోతు క్రమంగా పెరుగుతుందని కొందరంటారు. రెండో వైన్ల విషయంలో నేను పాతవే ముందు పోయమంటాను, ఎందుకంటే చిన్న వయసు వైన్లలోని వగరు నాలుకను పట్టేసిన తర్వాత మెత్తబడిన పాత వైన్‌కు న్యాయం జరగదు. కాబట్టి మొదటి విడతలో 2014, 2015, 2016, రెండో విడతలో 2017, 2019, 2020 పెట్టండి. విడతలో ఏది ఎక్కడ ఉందో మాత్రం తాగేవారికి తెలియకూడదు.

దానికి ఒకరు సీసాలను కాగితంలో చుట్టి విడతల వారీగా వేరుచేయాలి, మరొకరు గదిలోకి వచ్చి చుట్టిన సీసాలకు అ, ఆ, ఇ అని గుర్తులు వేయాలి. ఇలా చేస్తే ఆ ఇద్దరూ కూడా రుచి చూడటంలో పాల్గొనవచ్చు.

ఇప్పుడు అన్నింటికంటే విలువైన ఏర్పాటు, చివర్లో మీ నాలుకను మీరే పరీక్షించుకోవడానికి. 2016 సీసాలోని వైన్‌లో సగాన్ని శుభ్రమైన ఖాళీ సీసాలో పోసి, దాన్ని కూడా చుట్టి, రెండో విడతలో నాలుగోదిగా కలిపేయండి. దాని సంగతి చుట్టిన వ్యక్తికి తప్ప ఎవరికీ తెలియకూడదు, కాబట్టి ఆ వ్యక్తి కాగితం ఈ పరీక్ష లెక్కలోకి రాదు. మొత్తం ఏడు గ్లాసులవుతాయి. మనిషికి గ్లాసుకు 40 మిల్లీలీటర్లే పోయండి. ఎనిమిది మందికి రెండుసార్లు పోసినా 2016 సీసాలో 640 మిల్లీలీటర్లే ఖర్చవుతాయి.

ఏడు గ్లాసులూ మింగితే ఒక్కొక్కరికి 280 మిల్లీలీటర్లు. పదమూడున్నర శాతం ఆల్కహాల్ లెక్కన అది విస్కీ చిన్న పెగ్గులు దాదాపు మూడింటితో సమానం. అందుకే ఉమ్మే కప్పులు. నలుగురిలో ఉమ్మడం అమర్యాద అనే సంకోచం మనవాళ్లలో గట్టిగా ఉంటుంది గానీ వైన్ రుచి చూసే చోట ఉమ్మకపోవడమే అనుభవం లేనితనం. ఇండియాలో బండి నడిపేవారికి చట్టం అనుమతించేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ మాత్రమే, కాబట్టి ఉమ్మినా సరే, ఆ రాత్రి క్యాబ్ ఎక్కడమే మంచిది.

7. రుచి చూడండి, రాయండి

మొదటి పదిహేను నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. మొదట మాట్లాడినవాడి అభిప్రాయమే అందరి అభిప్రాయమవుతుంది, అందులోనూ అతను వయసులో పెద్దవాడో, సీసాలు కొన్నవాడో అయితే ఇక చెప్పనక్కర్లేదు.

మొదట విడతలోని గ్లాసులన్నింటినీ వాసన మాత్రమే చూడండి, ఎడమ నుంచి కుడికి, తిరిగి కుడి నుంచి ఎడమకు. తర్వాతే నోట్లో పోసుకోండి. ప్రతి వైన్‌కూ ఐదు విషయాలు రాయండి.

- రంగు: గ్లాసును తెల్ల కాగితం మీదుగా వంచి అంచు చూడండి. ఊదా ఛాయ చిన్న వయసుకు, ఇటుక ఛాయ పెరిగిన వయసుకు గుర్తు.
- వాసన: మీకు తెలిసిన పేర్లే వాడండి. అల్లనేరేడు, ఎండుద్రాక్ష, పొగాకు, దేవదారు చెక్క, తడి మట్టి. ఎప్పుడూ చూడని బ్లాక్‌కరెంట్ పండు పేరు పుస్తకంలో చదివి రాయనక్కర్లేదు.
- పులుపు: మింగాక దవడల కింద నీరు ఎంతగా ఊరింది?
- వగరు: ఎంత ఉంది అన్నదాని కంటే ఎలా ఉంది అన్నది ముఖ్యం. పచ్చి నేరేడులా చిగుళ్లను బిగబడుతోందా, నున్నగా జారిపోతోందా?
- ముగింపు: ఉమ్మిన తర్వాత రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో మనసులో లెక్కపెట్టి అంకె వేయండి.

వందకు మార్కులు వద్దు. విడత ముగిశాక ఇష్టాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు అని వరుస వేయండి చాలు. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య నీళ్లు, బ్రెడ్డు ముక్క. చీజ్ రుచిగా ఉంటుంది గానీ వగరును కప్పేసి బలహీనమైన వైన్‌ను కూడా మంచిదిగా చూపిస్తుంది, దాన్ని చివరికి దాచండి. కారం అంతకంటే చేటు, వగరునూ ఆల్కహాల్ మంటనూ రెండింతలు చేస్తుంది. మటన్ కూర తప్పదంటే మిరియాలు, గరం మసాలా వెనక్కి తగ్గించి, అంతా ముగిశాక వడ్డించండి.

ఒక విడత అయ్యాక గ్లాసుల్లో కొంచెం మిగిల్చి పావుగంట ఆగి మళ్లీ చూడండి. మొదట మూసుకుపోయినట్టున్న వైన్ తెరుచుకోవడం, మొదట మురిపించినది చప్పబడిపోవడం ఈ రెండో చూపులోనే తెలుస్తాయి.

8. కాగితం విప్పి, అప్పుడు వాతావరణం చదవండి

ఏ ఏడాది ఎలా గడిచిందో ముందే చదువుకుని కూర్చుంటే చదివిందే నాలుకకు తగులుతుంది. అందుకే ఈ కింది పేరాను కూడా అతిథులకు ముందుగా చూపకండి.

2014లో జూలై, ఆగస్టు చల్లగా గడిచి ఆశలు సన్నగిల్లాయి గానీ, సెప్టెంబరు, అక్టోబరుల్లో కాసిన పొడి ఎండ పంటను నిలబెట్టింది. పులుపు కాస్త ముందుకు వచ్చి, నోట్లో తగిలే చిక్కదనం తక్కువగా ఉండటం సహజం. 2015 వేసవి వేడిగా మొదలైంది, ఆగస్టు వానలు తోటలను సేదదీర్చాయి, బోర్డోలో మార్గో ప్రాంతం ప్రత్యేకంగా రాణించిన ఏడాది అది. 2016లో జూన్ మధ్య వరకు వానలు, ఆ తర్వాత సెప్టెంబరు మధ్య దాకా కరువు, కానీ రాత్రులు చల్లగా ఉండటం వల్ల పండు పక్వతా తాజాదనమూ రెండూ దక్కాయి. 2017 ఏప్రిల్ చివర్లో మంచు బోర్డోను దెబ్బతీసింది. జిరోందు నదీముఖానికి దగ్గరగా ఉన్న తోటలు, పామర్‌తో సహా, చాలావరకు తప్పించుకున్నాయి. 2019లో జూన్, జూలై నెలల్లో వడగాలులు వీచాయి. 2020లో తడి వసంతం తర్వాత పొడి వేసవి, కోతలు ముందే మొదలయ్యాయి.

మీ నోట్సు ఈ వివరాలతో అచ్చం సరిపోకపోతే వెంటనే మీ నాలుకను తప్పుబట్టకండి, ఎందుకంటే రెండో వైన్‌లో మరో మెలిక ఉంది. ఏ మడి వైన్ ప్రధాన సీసాలోకి, ఏది రెండో సీసాలోకి వెళ్లాలన్న నిర్ణయం ఏటా మారుతుంది, దానితో మెర్లో, కాబెర్నే సావిన్యో, పెటి వెర్దో ద్రాక్షల పాళ్లూ మారుతాయి. పామర్ తోటలో మెర్లో వాటా మార్గో ప్రాంతపు అలవాటు కంటే ఎక్కువ, కాబెర్నే సావిన్యోతో సరిసమానం. మెర్లో పాలు పెరిగిన ఏడాది వైన్ మెత్తగా, గుండ్రంగా ఉంటుంది, అది ఎండ వల్ల వచ్చిన మెత్తదనమని పొరబడే వీలుంది. కాబట్టి వాతావరణంతో పాటు ప్రతి సంవత్సరపు మిశ్రమ వివరాలను ఎస్టేటు పత్రాల నుంచి ముందే రాసిపెట్టుకుని, ఈ మెట్టులో మాత్రమే బయటకు తీయండి. రెండు కారణాలూ పక్కపక్కన ఉన్నప్పుడే ఏ తేడా దేనివల్ల వచ్చిందో మాట్లాడుకోవచ్చు.

తరచుగా జరిగే పొరపాట్లు

లేబులు చూస్తూ రుచి చూడటం మొదటిది. 2015, 2016 పేర్లు కనిపించగానే అందరి ముఖాలూ వెలిగిపోతాయి, 2017కు ఎవరూ మంచి మాట రాయరు. నా లెక్కలో ఆరింటిలో అన్యాయానికి గురయ్యేది ఎప్పుడూ 2017 లాంటి ఏడాదే, భోజనంతో పాటు ఇవాళే తాగడానికి అది చాలాసార్లు పక్కదాని కంటే హాయిగా ఉంటుంది.

'గొప్ప సంవత్సరం' వేరు, 'ఇప్పుడు బాగున్న సంవత్సరం' వేరు. 2020 గట్టిగా, వగరుగా ఉందని కిందికి నెట్టేస్తే మీరు వేసినవి దాని వయసుకు మార్కులు. కాగితం మీద రెండు గళ్లు విడిగా పెట్టండి, ఒకటి ఇవాళ తాగడానికి, మరొకటి ఐదేళ్లు దాచడానికి.

రెండో వైన్‌ను పట్టుకుని ప్రధాన వైన్ మీద తీర్పు చెప్పడం ఇంకొకటి. ఆల్టర్ ఈగో 2014 తేలికగా ఉంటే పామర్ 2014 కూడా తేలికగా ఉంటుందని దాని అర్థం కాదు. కష్టమైన ఏట ఎంపిక కఠినమైతే పై సీసా నిలబడటానికి కింది సీసా మూల్యం చెల్లించి ఉండవచ్చు, లేదా పైకి వెళ్లాల్సిన మంచి మడి కిందికి వచ్చి రెండో వైనే లాభపడి ఉండవచ్చు.

ఫలితం సరైనదేనా? ఇలా సరిచూసుకోండి

ముందుగా దాచిపెట్టిన జంట గ్లాసులు చూడండి. 2016 రెండు గ్లాసులకూ మీరు రాసిన ముగింపు సెకన్లు, వగరు వర్ణన దగ్గరగా ఉన్నాయా? ఒకదాన్ని మెచ్చుకుని మరొకదాన్ని తిట్టి ఉంటే ఆ సాయంత్రపు మీ వరుసక్రమాన్ని పక్కన పెట్టేయండి, వర్ణనలు మాత్రం ఉంచుకోండి. ఒక చిన్న మినహాయింపు ఉంది: రెండో విడతలో చిన్న వయసు వైన్ల మధ్య 2016 మొదటిసారి కంటే మెత్తగా అనిపించడం సహజమే, ఆ ఒక్క తేడాను తప్పుగా లెక్కించకండి.

తర్వాత అందరి కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ఇష్టాయిష్టాలు కలవనక్కర్లేదు. కానీ ఏది ఎక్కువ పుల్లగా ఉంది, ఏది ఎక్కువ వగరుగా ఉంది అన్న విషయంలో ఎనిమిది మందిలో కనీసం ఐదుగురు ఒకే గ్లాసును చూపించాలి. అలా కాకపోతే గది వేడెక్కిందా, పోసిన ఉష్ణోగ్రతలు తేడాగా ఉన్నాయా అని వెనక్కి వెళ్లి చూడండి.

మూడో పరీక్ష మర్నాడు. మిగిలిన వైన్లకు కార్కులు బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, ఇరవై నాలుగు గంటల తర్వాత బయటకు తీసి, నీళ్ల సీసా సాయంతోనే మళ్లీ 16, 17 డిగ్రీలకు తెచ్చి, ఈసారి లేబులు చూస్తూనే రుచి చూడండి. దాచుకోదగిన సంవత్సరం మర్నాటికి కూడా పండు వాసన నిలుపుకుంటుంది, కొన్నిసార్లు ముందురోజు కంటే బాగుంటుంది. వాసన పోయి పులుపొక్కటే మిగిలిన సంవత్సరానికి చెందిన సీసాలు మీ దగ్గర ఇంకా ఉంటే వాటిని ముందుగా తాగేయండి. ఆ మర్నాటి వరుసను కూడా మొదటి కాగితం వెనకే రాసి, తేదీ వేసి, ఏ దుకాణంలో కొన్నారో పక్కన రాసి పెట్టండి, ఎందుకంటే మూడేళ్ల తర్వాత ఇవే సంవత్సరాలను మళ్లీ తెరిచినప్పుడు ముందుగా కావాల్సింది ఆ దుకాణం పేరే.